పూలచక్రంలో ఖాళీ

బళేపేటలో ఒక గాజుల దుకాణం మీది మొదటి అంతస్తులో వెంకటలక్ష్మి డిటెక్టివ్ ఆఫీసు. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇరుకు మెట్లెక్కి ఒక అమ్మాయి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. బ్యాగులోంచి బ్రౌన్ కవరు తీసి బల్లమీద పెట్టి, దాన్ని పట్టుకున్న వేళ్లను చున్నీకి తుడుచుకుంది.

"ఇందులో నా ముఖం ఉంది మేడమ్," అంది.

ఆమె వెనకాలే వచ్చిన యువకుడు కుర్చీని ముందుకు జరిపాడు. "కూచో బ్లెస్సీ. ముందు నీళ్లు తాగు," అని సీసా మూత తీసి అందించాడు.

కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్న శామ్సన్ ఇదంతా చూస్తున్నాడు. కాల్ సెంటర్ ఉద్యోగం వదిలేసి అతను వెంకటలక్ష్మి దగ్గర చేరి రెండేళ్లయింది. యాభై దాటిన ఆ మనిషి కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని వింటూ కూర్చుంటే చాలు, ఎదుటివాళ్లు దాచుకున్న సంగతి కూడా వాళ్లకు తెలియకుండానే బయటికి జారిపోయేది. ఏనాటికైనా తనూ అలా వినడం నేర్చుకోవాలని శామ్సన్ ఆశ.

వెంకటలక్ష్మి కవరును బల్లమీదికి వంచింది. రెండు కాగితం ముక్కలు జారిపడ్డాయి. అరచేతంత ముఖాలు. రెండింటిలోనూ ఒకే అమ్మాయి, మెడ ఎడమవైపు తిప్పి, రెప్పలు సగం వాల్చి ఉంది. రంగులు వెలిసినట్టు లేతగా ఉన్నాయి. కళ్లలో మాత్రం సూదితో పొడిచిన బెజ్జాలు. ఒక ముఖానికి చెవి కింద గోరు మొనంత నీలి గీత ఉంది. శామ్సన్ దాన్ని మరక అనుకుని వేలితో రుద్దాడు. పోలేదు.

"యాడ దొరికినాయమ్మా ఇవి?"

"ఒకటి మంగళవారం, మారతహళ్ళిలో మా పీజీ గేటు దగ్గర, పోస్టు డబ్బాలో. రెండోది నిన్న, నా స్కూటర్ డిక్కీలో. లెటర్ లేదు, పేరు లేదు. నాకు నిద్ర పట్టట్లేదు మేడమ్. షిఫ్ట్‌లో కూర్చుంటే కళ్లు మూసుకోవాలన్నా భయమేస్తోంది."

"ఈ బొమ్మలు ఎవరివి?"

"ఎబినేజర్ సర్‌వి."

ఆ పేరు శామ్సన్‌కు తెలుసు. నగరంలోని కాఫీ హోటళ్ల గోడల మీద, పెళ్లి శుభలేఖల మీద ఎబినేజర్ బొమ్మలు కనిపిస్తూనే ఉంటాయి. నూరేళ్లకు పైబడిన ఐరోపా పద్ధతి అది, ఆర్ట్ నూవో అంటారు. తీగల్లా మెలికలు తిరిగే గీతలు, తల వెనక పూలచక్రం, నడుము దాటి పారే జుట్టు, మధ్యలో ఒక స్త్రీ. ఎబినేజర్ ఆ పద్ధతిలోకి ఈ ఊరి చెట్లను తెచ్చాడు. ఈసారి నాలుగు పెద్ద అలంకార చిత్రాలు చేశాడు. సంపెంగ, జకరండా, గుల్‌మొహర్, ట్యాబెబూయా. నాలుగింటిలోనూ నిలబడింది బ్లెస్సీయే. వారాంతాల్లో వెళ్లి ఆయన ముందు కూర్చుంటుంది. వచ్చే వారం ప్రదర్శన.

"సోమవారం పొద్దున స్టూడియో తలుపు తీసింది నేనే," అన్నాడు ఆ యువకుడు. అతని పేరు గిరీష్. దొడ్డబళ్ళాపురం నేతవాళ్ల ఇంటి పిల్లవాడు. ఎబినేజర్ దగ్గర రాతి అచ్చు పని చేస్తాడు. అతనికీ బ్లెస్సీకీ నిశ్చితార్థమైంది. "నాలుగు ఫ్రేముల్లోనూ ముఖం లేదు. కోసేసి ఉండారు. ఆ మరుదినం నుంచి ఈమెకి ఇట్ల వస్తా ఉండాయి."

"పోలీసులకి చెప్పినారా?"

"వద్దంటినక్కా. ఎక్జిబిషన్ ముందు గలాటా అవుతాది. ఈమె అక్కడ కూర్చునేది నిలిపేస్తే చాలు. చేసినోళ్లు వాళ్లే ఊరుకుంటారు."

"నేనెందుకు మానాలి?" అంది బ్లెస్సీ.

గిరీష్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చూసి శామ్సన్‌కు ఎందుకో చిరాకు కలిగింది. ఈ మనిషిని నమ్మకూడదు అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. బ్లెస్సీ మాటల్లో తన బాపట్ల యాస విన్నప్పటినుంచి తను ఆమెనే చూస్తున్నాడు. నిశ్చితార్థమైన పిల్ల పక్కన కూర్చున్నవాణ్ణి అనుమానించడానికి ఇంతకంటే పాడు కారణం ఉండదు. ఆ ఆలోచనను మింగేశాడు.

మర్నాడు పొద్దున వెంకటలక్ష్మి, శామ్సన్ ఫ్రేజర్ టౌన్ వెళ్లారు. పాత బంగళాలో కింద స్టూడియో, పైన ఎబినేజర్, అతని భార్య జెస్సికా కాపురం. గోడకు నాలుగు ఫ్రేములు వరసగా ఉన్నాయి. గాజు ఇంకా బిగించలేదు. నీలిపూల జకరండా కింద నిలబడిన స్త్రీకి చెయ్యి ఉంది, చేతిలో కొమ్మ ఉంది, తల వెనక పూలచక్రం ఉంది. చక్రం మధ్యలో అట్ట కనబడే ఖాళీ. మిగతా మూడూ అంతే. నాలుగు మెడలూ కుడివైపు తిరిగి, వీధి గుమ్మంలోకి ఎవరో వస్తుంటే చూస్తున్నట్టు ఉన్నాయి. జుట్టు ఎడమవైపుకు పారుతోంది.

వెంకటలక్ష్మి ఖాళీ అంచును వేలితో తడిమింది. "చూడప్పా. ఏమి తోస్తాది?"

"నీట్‌గా ఉంది మేడమ్. గడ్డం కింద వంపు ఎక్కడా గీత దాటలేదు. కోపంతో చేసినట్టు లేదు."

"కోపంలో కూడా చెయ్యి వణకనోళ్లు ఉంటారు," అని ఆమె ఎబినేజర్ వైపు తిరిగింది. "మిగిలిన ప్రతులు?"

"బీరువాలో ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. తాళం నా దగ్గరే," అన్నాడు ఎబినేజర్. బక్కపలచటి మనిషి, గడ్డానికి కూడా రంగు అంటుకుని ఉంది.

"బ్లెస్సీకి వచ్చిన ముఖాలు చూసినారా?"

"ఫోన్‌లో ఫోటో పంపించింది. చూడలేకపోయాను. ఆ కళ్లు..."

"ఆదివారం ఇక్కడికి ఎవరు వచ్చినారు?"

"హేమంత్ వచ్చాడు."

హేమంత్‌కుమార్ అక్కడే కిటికీ దగ్గర ఉన్నాడు. ఎబినేజర్‌తో కలిసి చదువుకున్న పోస్టర్ చిత్రకారుడే. ఇద్దరూ ఒకే పద్ధతి పట్టుకున్నారు. ఒకరికి పేరొచ్చింది.

"నన్నే అనుమానిస్తారని తెలుసు," అన్నాడతను. "నాకి అసూయ లేదని ఎవరికీ చెప్పినోణ్ణి కాదు మేడమ్. ఉండాది. ఆ జకరండా చూసిన దినం ఇంటికి పోయి నా బొమ్మలన్నీ గోడకి తిప్పి పెడితిని. కానీ ఇంత మంచి పనిమీద కత్తెర పెట్టాలంటే నా చెయ్యే ఒప్పుకోదు."

"కత్తెర అని ఎట్ల తెలుసు?"

"అంచు చూస్తే తెలీదా? బ్లేడయితే వంపు దగ్గర జారిపోతాది."

వెంకటలక్ష్మి తల ఊపింది. ఆమెకు ఆ జవాబు నచ్చిందని శామ్సన్ గ్రహించాడు. అది తను చెప్పి ఉండాల్సిందని కాస్త మండింది కూడా.

అప్పుడే జెస్సికా ఆస్పత్రి నుంచి వచ్చింది. నర్సు యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. పలకరింపుగా తల వంచి, స్టూడియో మూలనున్న పొయ్యి దగ్గరికి వెళ్లి, జేబులోంచి కొన వంపు తిరిగిన చిన్న కత్తెర తీసి పాల ప్యాకెట్ మూల కత్తిరించింది.

"మీకేమైనా తెలుసా అమ్మా?" అని అడిగింది వెంకటలక్ష్మి.

"నాకేం తెలుస్తుందండీ. డ్యూటీకి పోతాను, వస్తాను." జెస్సికా గోడవైపు చూడకుండా పాలు గిన్నెలో పోసింది. "ఎనిమిదేళ్లపాటు ఈయన బొమ్మలన్నిటికీ నేనే కూర్చున్నాను. ఆ సంగతి మీకెవరూ చెప్పి ఉండరు."

ఎబినేజర్ నేలచూపులు చూశాడు.

పక్క గదిలో గిరీష్ పనిచేస్తున్నాడు. బల్లమీద బూడిదరంగు సున్నపురాయి పలక, దానిమీద సగం తయారైన కొత్త పోస్టరు. సర్ కాగితం మీద గీసింది చూసి, నూనె సిరాతో తను రాతిమీద తిరగేసి గీస్తానని అతను చెప్పాడు.

"కాగితం మీద అచ్చు పడినాక మళ్లా సరిగ్గా వస్తాది. రాతిమీద ఎప్పుడూ తిరగబడే ఉంటాది," అన్నాడు. రాయి పక్కన క్లిప్పు పెట్టిన కాగితాలు కొన్ని ఉన్నాయి. వాటిమీద అక్కడక్కడ నీలి పెన్సిలు గీతలు.

"ఇవేంటివి?" అంది వెంకటలక్ష్మి.

"తిరుగు అచ్చులక్కా. అచ్చు పచ్చిగా ఉండంగానే దానిమీద ఇంకో కాగితం వేసి నొక్కితే, లేతగా బొమ్మ పడతాది. అది రాతిమీద ఉన్నట్టే ఉంటాది. పక్కన పెట్టుకుని దిద్దేకి సులువు. తప్పున్న చోట గుర్తు పెట్టుకుంటా."

"పాత బొమ్మలవి?"

"పనయినాక ఊరికే చించి పారేస్తా. సర్ వీటి జోలికి రాడు." అతను రాతిమీదికి వంగి జుట్టులో ఒక పాయను దిద్దసాగాడు. ఆ గీత ఎంత చక్కగా సాగిందో చూసి శామ్సన్ తన చిరాకు మరిచిపోయాడు.

బయటికొచ్చాక, "జెస్సికా గారే కదా మేడమ్?" అన్నాడు. "కత్తెర చూశాను."

"చూస్తివి. బాగుండాది. ఇంక అందరినీ రేపు చర్చి అయినాక రమ్మను. బ్లెస్సీని కూడా."

"ఇంకేమైనా ఉందా?"

"నీకి ఇంకేమీ తోచలేదా?" అని ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. శామ్సన్ తల అడ్డంగా ఊపాడు.

ఆదివారం అందరూ స్టూడియోలో కూర్చున్నారు. బ్లెస్సీ గిరీష్ పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. హేమంత్‌కుమార్ నిలబడే ఉన్నాడు.

"మొదలు గోడ సంగతి," అంది వెంకటలక్ష్మి. "తలుపు పగలలేదు. కాబట్టి బయటినుంచి ఎవరూ రాలేదు. ఆదివారం హేమంతప్ప పోయేటప్పటికి బొమ్మలు బాగున్నాయి. సోమవారం పొద్దునకి లేవు. కోసింది చిన్న కత్తెర, కొన వంపు తిరిగింది. కుట్లు విప్పేకి వాడతారు. గడ్డం కింద, చెవి చుట్టూ యాడా ఒక్క వెంట్రుక తెగలేదు. నిత్యం మనుషుల ఒంటిమీద పనిచేసే చెయ్యి అది."

"ఇంక చాలండీ," అంది జెస్సికా. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నేనే కోశాను."

ఎబినేజర్ లేచి నిలబడ్డాడు. ఆమె అతనివైపు చూడలేదు.

"ఆ రోజు హేమంత్ గారు వచ్చి మెచ్చుకుంటుంటే నేను ఇక్కడే కాఫీలు ఇస్తున్నాను. 'ఈ అమ్మాయి దొరికాకే నాకు గీయడం వచ్చింది' అన్నారు మీరు. నా చేతిలో ట్రే ఉంది. నేను గదిలో ఉన్నానని మీకు తెలుసు, అయినా అన్నారు. ఎనిమిదేళ్లు మెడ నొప్పులు పట్టేలా కూర్చున్నదాన్ని. అప్పుడు మీకు గీయడం రాలేదా?"

బ్లెస్సీ ముఖం తెల్లబోయింది. "అక్కా... నాకు పంపింది మీరా? ఆ కళ్లు పొడిచి..."

"లేదమ్మా! దేవుని సాక్షిగా నేను పంపలేదు."

"కోసింది తానే, పంపింది మాత్రం తాను కాదంట," అన్నాడు గిరీష్. "ఎవరు నమ్ముతారు? పద బ్లెస్సీ. తేలిపోయింది కదా. ఇంక ఈ ఇంటికి రావద్దు."

"ఉండప్పా. తొందర లేదు," అంది వెంకటలక్ష్మి. "జెస్సికమ్మా, మీరు కోసినవి ఏం చేసినారు?"

జెస్సికా పైకి వెళ్లి ఒక పాత ఎక్స్‌రే కవరు తెచ్చింది. అందులో నాలుగు ముఖాలు, నిండు రంగుల్లో, కళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. "కాల్చేద్దామనే కోశాను. పొయ్యి కూడా వెలిగించాను. ఆ పిల్ల ముఖం మంటలో పెట్టడానికి చేతులు రాలేదు," అంది.

వెంకటలక్ష్మి వాటిని ఒక్కొక్కటిగా ఫ్రేముల్లో అమర్చింది. సంపెంగ, జకరండా, గుల్‌మొహర్, ట్యాబెబూయా. నలుగురు స్త్రీలూ మళ్లీ గుమ్మంవైపు చూశారు. అతుకు కూడా కనబడలేదు.

శామ్సన్ నోరు తెరుచుకుంది. నాలుగూ ఇక్కడే ఉంటే బ్లెస్సీకి వచ్చిన రెండూ ఎక్కడివి?

వెంకటలక్ష్మి జకరండా ముఖాన్ని తీసి, దాని స్థానంలో బ్లెస్సీ కవరులో తెచ్చిన ముఖాన్ని పెట్టింది. కుదరలేదు. మెడ కుడికి తిరిగి ఉంది, ముఖం ఎడమకు చూస్తోంది. గడ్డం పూలచక్రంలోకి పొడుచుకొచ్చింది. అప్పుడామె ఆ కాగితాన్ని వెనక్కి తిప్పింది. అంచులు సరిగ్గా కూర్చున్నాయి. కానీ పూలచక్రం మధ్యలో ఇప్పుడున్నది కాగితం తెల్లటి వీపు.

"తిరగేస్తేనే కుదురుతుంది," అన్నాడు ఎబినేజర్ నెమ్మదిగా. దగ్గరికి వచ్చి ఆ ముక్కను వెలుతురులో పట్టుకున్నాడు. "ఇది అచ్చు కాదు. తిరుగు అచ్చు. ఫోటోలో చూసినప్పుడే తిరగబడినట్టు అనిపించింది. ఫోన్లు అలాగే తిప్పేస్తాయి కదా అనుకున్నాను."

"చెవి కింద నీలి పెన్సిలు గుర్తు కూడా ఉండాది," అంది వెంకటలక్ష్మి. "తప్పున్న చోట పెట్టుకునే గుర్తు. సోమవారం పొద్దున తలుపు తీసినోనికి గోడమీద ఖాళీలు కనబడినాయి. కోసిందెవరో వానికి తెలీదు. తెలియాల్సిన పని కూడా లేదు. ఆ కోత పేరు చెప్పి ఈ పిల్లని భయపెట్టొచ్చు. కానీ కోసిన ముఖాలు వాని దగ్గర లేవు. బీరువాలో ప్రతులు ముట్టుకుంటే లెక్క తప్పుతాది. మరి అదే ముఖం ఇంకా ఎవరి దగ్గర ఉండాది? చించి పారేస్తానని చెప్పి, చించకుండా దాచుకున్నోని దగ్గర."

గిరీష్ నవ్వబోయాడు. "తిరగబడిందని నాకి తెలీదా అక్కా? నేనే అయితే అంత తప్పు చేస్తానా?"

"నువ్వే చేస్తావప్పా. వేరే ఎవరు చేసినా చూసుకునేవాళ్లు. నువ్వు ఆ ముఖాన్ని నెలల తరబడి రాతిమీద తిరగేసే చూస్తివి. నీకి అదే సరైన ముఖం. తప్పని నీ కంటికి తోచలేదు."

గిరీష్ చేతిని పట్టుకున్న బ్లెస్సీ వేళ్లు విడిపోయాయి.

"బ్లెస్సీ, విను," అన్నాడతను. తర్వాత అతని మాట ఆమెనుంచి ఎబినేజర్ మీదికి మళ్లింది. "ఈయన గీసిన ఒక్కో గీతా నేను దిద్దాల. ఎంతసేపు చూసినాడో, యాడ ఆగి చూసినాడో గీతలోనే తెలుస్తాది నాకి. ఆ రెప్పలు, ఆ మెడ... నాకు కాబోయే పెళ్లాన్ని ఈయన చూసిన చూపంతా నా చేత్తోనే రాతిమీద పెట్టాల. ఊరంతా దాన్ని కొనుక్కుపోయి గోడకి తగిలించుకుంటాది. ఎన్నిసార్లు చెప్తిని, మానుకో అని! వింటివా? భయం పడితేనన్నా మానుతావనుకుంటిని. నిన్ను ఏమన్నా చేద్దామని కాదు..."

"మంగళవారం అది చూడగానే నీకే ఫోన్ చేశాను," అంది బ్లెస్సీ. ఆమె ఏడవడం లేదు. "ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. నువ్వు లైన్‌లోనే ఉన్నావు. నేను నిద్రపోయేదాకా ఉన్నావు. 'నేనుండా కదా' అన్నావు. అదంతా విన్నాక కూడా రెండోది తెచ్చి నా డిక్కీలో పెట్టావా, గిరీష్?"

ఆమె ఉంగరం తీసి, రాతి పలక ఉన్న గదిలోకి వెళ్లి, దానిమీద పెట్టి వచ్చింది. గిరీష్ ఉంగరం తీసుకోకుండానే వీధిలోకి వెళ్లిపోయాడు.

"పోలీసులకి చెప్పేది మానేది నీ ఇష్టం," అంది వెంకటలక్ష్మి. "చెప్తే నేను వచ్చి నిలబడతా."

"చెప్తాను మేడమ్. మళ్లీ ఇంకో అమ్మాయికి చేయకూడదు." బ్లెస్సీ జెస్సికా వైపు తిరిగింది. ఏమనాలో తెలియక ఆగింది. జెస్సికా దగ్గరికి వచ్చి ఆమె నుదుటిమీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసింది. "తిన్నావా?" అని అడిగింది. బ్లెస్సీ లేదన్నట్టు తల ఊపింది.

"సర్, వచ్చే శనివారం వస్తాను," అంది బ్లెస్సీ ఎబినేజర్‌తో. "మానేయాలనిపించిన రోజు నేనే చెప్తాను. ఇంకెవరూ చెప్పక్కర్లేదు."

ఎబినేజర్ ఆ మాట విన్నాడో లేదో. అతను భార్యనే చూస్తున్నాడు. "ఇంత బాధ ఉందని ఒక్కసారైనా చెప్పలేదేం జెస్సీ?"

"మీరు చూసి గీసేవాళ్లు కదా," అంది జెస్సికా. "చెప్పాలా?" అని, బ్లెస్సీని భోజనానికి పైకి తీసుకెళ్లింది.

బయట ఎండ చురుక్కుమంటోంది. శామ్సన్ ఆటో కోసం ఫోన్ చూస్తూ నిలబడ్డాడు. వెంకటలక్ష్మి చీర కొంగు తలమీదికి లాక్కుంది.

"ఆ పిల్లోడు ఆఫీసుకి వచ్చిన దినమే నువ్వు మొహం చిట్లిస్తివి. నిన్న కూడా అడిగితిని. ఎందుకు చెప్పలేదప్పా?"

శామ్సన్ చెవులు వేడెక్కాయి. అబద్ధం చెప్పినా ఈ మనిషి ముందు నిలవదు. "అది అనుమానమో అసూయో నాకే తేలలేదు మేడమ్. అందుకే నోరు మూసుకున్నాను."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"రెండూ అయి ఉంటాది. ఈసారి అట్లనే చెప్పు. 'నాకి అసూయగా ఉండాది, అనుమానంగానూ ఉండాది' అని రెండూ నా ముందర పెట్టు. ఏది తీసి పారేయాలో నేను చూసుకుంటా. నువ్వు మింగేస్తే నేను ఒక్కదాన్నే వెతకాల." ఆటో వచ్చి ఆగింది. ఆమె ఎక్కి పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.